ఆరుబయట పాట, ఆరుబయట పద్యం

(నెల్లూరులో పెన్న ఒడ్డున ఒక సాయంత్రం జరిగిన పాటల, పద్యాల సభలో చేసిన ప్రారంభ ప్రసంగ పాఠం)

పెద్దలకు, తల్లులకు, పిల్లలకు, ఆ పక్కన డోళ్లు బిగించుకుంటున్న కళాకారులకు నమస్కారం.

ఈ సభను పురమందిరంలో పెట్టుకోవచ్చు కదా, ఏటి ఒడ్డున ఎందుకు అని కొద్ది రోజులుగా చాలామంది అడిగారు. అడగవలసిన ప్రశ్నే. రేబాల లక్ష్మీనరసారెడ్డి పురమందిరం మన ఊరికి ఉన్న గొప్ప ఆస్తి. అక్కడ సాహిత్య సభలు విని పెరిగిన తరాలు ఈ ఊళ్లో ఉన్నాయి. కుర్చీలున్నాయి, పంకాలున్నాయి, తలుపు వేసుకుంటే వీధి రొద లోపలికి రాదు. అన్నీ అమరిన చోటు వదిలి ఇక్కడికి ఎందుకు వచ్చామో చెప్పడానికే నేను లేచాను.

ఆ తలుపు గురించే నా మాట. తలుపున్న చోటికి పిలుపు అందినవాళ్లు వస్తారు. ఆహ్వాన పత్రం చేరనివారు, పని నుంచి నేరుగా వస్తున్నవారు, లోపల జరిగేది తమకు అర్థమవుతుందో లేదోనని జంకేవారు గుమ్మం దగ్గరే ఆగిపోతారు. వాళ్లను ఎవరూ ఆపనక్కర్లేదు, తమంతట తామే ఆగిపోతారు. ఇక్కడ గుమ్మం లేదు. రంగనాయకుల దర్శనం చేసుకుని వస్తున్నవాళ్లు, ఆటో పక్కన ఆపి నిలబడ్డ డ్రైవర్లు, అటువైపు శనగలు అమ్ముకుంటున్న తల్లి, అందరూ ఇప్పుడు సభలోనే ఉన్నారు. మేం చెప్పేది నచ్చకపోతే వాళ్లు వెళ్లిపోతారు కూడా. లేచి వెళ్లడానికి వాళ్లకు మర్యాదలేమీ అడ్డు రావు. అలాంటి శ్రోతను నిలబెట్టుకునే పాట, పద్యం మనకు ఒకప్పుడు ఉండేవి. ఆ శక్తి తిరిగి రావాలంటే అలాంటి శ్రోత ముందుకే మళ్లీ వెళ్లాలి. ఈ సాయంత్రం వెనుక ఉన్న ఆలోచన ఇదే.

తిక్కన పేరు చెప్పకుండా ఈ ఏటి ఒడ్డున ఎవరూ సాహిత్య సభ మొదలుపెట్టరు. నేనూ చెబుతాను, అయితే నాకు కావలసిన వైపు నుంచి చెబుతాను. పదమూడో శతాబ్దంలో మనుమసిద్ధి కొలువులో ఉండి, విరాటపర్వం నుంచి స్వర్గారోహణ పర్వం దాకా 15 పర్వాలు తెలుగు చేసిన మహాకవి ఆయన. మంత్రి, సోమయాజి, పండితుడు. అంత పెద్ద కావ్యం తాటాకుల మీదకు ఎక్కిన రోజుల్లో చదవడం వచ్చినవాళ్లు ఊరికి ఎంతమంది ఉండి ఉంటారు? అయినా భీముడు కీచకుణ్ణి ఎలా చంపాడో, కొలువులో ద్రౌపది ఎలా నిలదీసిందో అక్షరం రాని రైతుకు తెలుసు. గుడి మండపంలో, చావడి అరుగు మీద, రావిచెట్టు కింద ఒకరు పద్యం చదివితే పక్కన మరొకరు అర్థం చెప్పారు. ఆ గొంతుల మీదుగానే భారతం ఊరికి చేరింది.

వానలు మొహం చాటేస్తే విరాటపర్వం చదివించే ఆచారం తెలుగు పల్లెల్లో ఉంది. నెల్లూరులో పుట్టిన పద్యాన్ని ఎండిన చేల మధ్య ఉన్న ఊళ్లు వాన కోసం చదివించుకున్నాయి. ఒక కవికి ఇంతకంటే పెద్ద సన్మానం నాకు తెలియదు. వాన పడుతుందా లేదా అన్న చర్చ పక్కన పెట్టండి. కష్టం వచ్చినప్పుడు ఊరంతా ఒక చోట కూర్చుని కావ్యం వినడం మనకు అలవాటు. కనిగిరి, పొదిలి, దర్శి వైపు మెట్ట ప్రాంతాల్లో పుట్టి పెరిగినవారికి వాన కోసం ఎదురుచూడడం అంటే ఏమిటో వేరే చెప్పనక్కర్లేదు. ఆ ఎదురుచూపులో ఒక కావ్యానికి చోటు దొరికింది.

అదే భారతంలోని రాయబారం ఘట్టం, తర్వాతి కాలంలో తిరుపతి వేంకట కవుల నాటకాల ద్వారా, తిరునాళ్లలో తెల్లవార్లూ పలికింది. తెర ముందు కృష్ణుడి వేషం వేసిన నటుడు పద్యం ఎత్తుకుని, రాగం తీసి, ఆఖరి పాదం మీద ఊపిరి బిగబట్టే సమయానికి, వెనక వరుసలో గోనెపట్టా పరచుకుని పడుకున్న మనిషి లేచి కూర్చుంటాడు. ఆ పద్యం అతనికి ముందే వచ్చు. ఈ గొంతు దాన్ని ఎలా మోస్తుందో చూడాలని వచ్చాడు. నచ్చితే మళ్లీ పాడించుకుంటాడు, నచ్చకపోతే మళ్లీ పడుకుంటాడు. సంగీత విమర్శ అంటే అది. ఆ నటులు ఆ విమర్శకు తట్టుకుని నిలిచినవాళ్లు.

ఇప్పుడు వాయిద్యాల గురించి. నాకు చాలా ఇష్టమైన విషయం కాబట్టి కాస్త సేపు పడుతుంది, ఓర్చుకోండి.

వీణ గదిలో పుట్టిన వాయిద్యం. దాని మీటును దగ్గరగా కూర్చుని వినాలి. సన్నాయి, డోలు, పలక, పంబ, ఇవి ఆకాశం కింద పుట్టాయి. ఊరేగింపులో దేవుడి పల్లకీ ముందు నడుస్తూ వాయించడానికి పుట్టాయి. వీధి మలుపు తిరగకముందే స్వామి వస్తున్నాడని ఇంటి లోపల వంట చేస్తున్న ఇల్లాలికి తెలియజేయాలి. అందుకే సన్నాయికి ఆ గట్టి నాదం. ఆ గట్టి నాదంలోనే గమకం పలికించాలి, ఆలాపన సాగించాలి, శ్రోత కంట నీరు పెట్టించాలి. అది ఎంత కష్టమో ఊదినవారికే తెలుసు.

ఒంగోలు దగ్గర కరవది అనే ఊరుంది. 1924లో షేక్ చినమౌలానా అక్కడ పుట్టారు. గుంటూరు, ప్రకాశం ప్రాంతాల్లో నాదస్వరం వంశపారంపర్యంగా సాధన చేసిన ముస్లిం కుటుంబాల నుంచి వచ్చిన విద్వాంసుడు. తర్వాత తంజావూరు బాణీ కూడా నేర్చుకుని, శ్రీరంగంలో స్థిరపడి, రంగనాథుడి సన్నిధిలో నాదస్వరం వాయించారు. 1977లో పద్మశ్రీ వచ్చింది, 1998లో మద్రాసు సంగీత అకాడమీ సంగీత కళానిధి బిరుదునిచ్చింది. మరుసటి ఏడాది ఆయన వెళ్లిపోయారు. కర్ణాటక సంగీతంలో అంతకంటే పై మెట్టు లేదనుకునే బిరుదు అది. గుడి ముందు, పందిళ్ల కింద, ఊరేగింపుల్లో మోగే వాయిద్యంతో ఆయన అక్కడికి చేరారు. మన జిల్లాల పిల్లల్లో ఎంతమందికి ఆయన పేరు తెలుసు? కరవది మీదుగా రైలు వెళ్తున్నప్పుడు ఒక్కసారైనా ఎవరైనా చూపించి చెప్పారా? పాఠం చెప్పే పంతుళ్లం మనమే చెప్పాలి. ఈ సభలో ఉపాధ్యాయులు చాలామంది కనిపిస్తున్నారు. రేపు తరగతిలో చెప్పండి.

పలక సంగతి వేరు. ఆట మొదలయ్యే ముందు చిన్న మంట వేసి పలకను దాని మీద కాచడం మీరందరూ చూసి ఉంటారు. మంచు పడితే, గాలిలో తేమ పెరిగితే తోలు సడలుతుంది, నాదం మొద్దుబారుతుంది. వేడి తగిలితే బిగుసుకుని ఖణేల్‌మంటుంది. మంట దగ్గర చెవి పెట్టి, వేలితో తట్టి చూసి, ఇంకొంచెం అని మళ్లీ కాచే ఆ మనిషి చేసేది శ్రుతి చేయడమే. వేదిక మీద తంబూరా శ్రుతి చేసేవారిని ఎంత మౌనంగా, ఎంత గౌరవంగా చూస్తామో ఆయన్ను కూడా అలాగే చూడాలి. అందుకే ఈ రోజు ఆ మంటను వేదిక వెనుక దాచలేదు. ఎదురుగా వేయించాం. కాసేపట్లో చూస్తారు. పిల్లలు దగ్గరికి వెళ్లి అడగండి, వారు చెబుతారు. మంటకు మరీ దగ్గరగా మాత్రం వెళ్లకండి.

వేదిక ఇటువైపే ఎందుకు కట్టామని మన కుర్రవాళ్లు అడిగారు. సాయంత్రం సముద్రం మీది నుంచి గాలి తూర్పు నుంచి వస్తుంది. పాడేవాళ్లు తూర్పున ఉండి, వినేవాళ్లు పడమట కూర్చుంటే గాలి పాటను మోసుకొస్తుంది. తిరగేస్తే, ఎంత పెద్ద గొంతయినా ఎదురుగాలికి పైకి లేచిపోతుంది, కూర్చున్నవాళ్ల చెవికి అందదు. బయట గోడలుండవు, శబ్దం తిరిగి రాదు. దూరం రెండింతలయితే శబ్దం బలం నాలుగో వంతుకు పడిపోతుంది. కాబట్టి వెనక కూర్చుంటే ఎక్కువ వింటామనుకోవద్దు, ముందుకు జరగండి. పాతకాలపు ఆటగాళ్లు జనాన్ని చుట్టూ కూర్చోబెట్టుకునేది ఇందుకే. చుట్టూ కూర్చుంటే ఎవరూ దూరం కారు.

రాత్రి పొద్దుపోయాక పక్క ఊళ్లో జరిగే భజన మన ఊళ్లో మంచం మీద పడుకున్నవారికి వినిపిస్తుంది. పగలు అదే భజన వినిపించదు. రాత్రి నేల చల్లబడి, నేలకు దగ్గరగా ఉన్న గాలి పైగాలి కంటే చల్లగా ఉంటుంది. అప్పుడు శబ్దం పైకి పోకుండా కిందికి వంగి దూరం ప్రయాణిస్తుంది. హరికథలు, భాగవతాలు రాత్రి మొదలుపెట్టి తెల్లవారేదాకా సాగించడానికి పొలం పనులు ఒక కారణం, ఎండ ఒక కారణం, ఇది కూడా కలిసొచ్చిన కారణం. ఈ లెక్క తెలియకపోయినా మన పెద్దవాళ్ల చెవులకు తెలుసు.

ఏ నెలలో పెట్టుకోవాలన్నది కూడా ఈ నేలే చెబుతుంది. మనకు పెద్ద వాన ఈశాన్య రుతుపవనాలది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వాయుగుండం ఎప్పుడు వస్తుందో తెలియదు, అప్పుడు ఆరుబయట సభ అంటే పాడేవారిని, వినేవారిని కూడా ఇబ్బంది పెట్టడమే. వేసవి ముదిరితే నేల రాత్రి దాకా సెగలు కక్కుతుంది. సంక్రాంతి దాటాక, ఉగాది వచ్చేలోపు మనకు అనువైన కాలం. ఈ రెండు పండుగల మధ్య ప్రతి ఊరూ ఒక్క సాయంత్రం ఇలా కేటాయించుకుంటే చాలు.

ఇక మైకు. మైకు వద్దని నేను అనను. ముసలివాళ్లకు వినబడాలి, గొంతు నెమ్మదిగా ఉన్న కవి కూడా చదవాలి. నేను వద్దనేది ఛాతీ అదిరేలా మోగే ఆ పెద్ద పెట్టెలను. ఉత్సవాల్లో వాటి ముందు సన్నాయి విద్వాంసులు వాయించడం చూశాను. ఆయన బుగ్గలు పొంగుతున్నాయి, వేళ్లు కదులుతున్నాయి, నాదం మాత్రం పెట్టె మోతలో మునిగిపోయింది. జీవితమంతా సాధన చేసిన మనిషిని నిలబెట్టి అలా చేయడం అవమానం. ఈ రోజు రెండు చిన్న పెట్టెలే పెట్టాం. అవి కూడా పద్యం చదివేవారికీ, కవిత చదివేవారికీ మాత్రమే. సన్నాయికి, పలకకు మైకు లేదు. వాటికి అవసరం లేదు.

కవుల వైపు వస్తాను. ఇక్కడ నా మాట కాస్త కటువుగా ఉండవచ్చు, ప్రేమతోనే అంటున్నాను.

కాగితం మీద తల వంచుకుని, ఎవరికీ వినపడనట్టు గబగబా చదివేసి కూర్చోవడం మనకు అలవాటయింది. గదిలో పదిమంది మిత్రుల ముందు చెల్లుతుంది. ఇక్కడ చెల్లదు. కందుకూరి రుద్రకవి రాసిన సుగ్రీవ విజయం మనకు దొరికిన తొలి తెలుగు యక్షగానాల్లో ఒకటి. కందుకూరు జనార్దనస్వామిని కొలిచిన కవి ఆయన. అందులో ద్విపదలున్నాయి, ఏలలున్నాయి, అర్ధచంద్రికలున్నాయి. పాడడానికి, ఆడడానికి, నడివీధిలో నిలబడిన మనిషి చెవికి పట్టడానికి వీలుగా కట్టిన నడకలు అవి. కథ రామాయణమే, వాలి సుగ్రీవుల కథ అందరికీ తెలిసిందే. తెలిసిన కథను నడకతో కొత్తగా చెప్పి నిలబెట్టాడు. వచన కవిత రాసేవారు ఛందస్సులో రాయాలని నేను అడగడం లేదు. వచనానికి కూడా ఊపిరి ఉంటుంది. ఆ ఊపిరి ఎక్కడ ఆగుతుందో, ఏ మాట దగ్గర బరువు పడుతుందో గొంతుతో చూసుకుని రండి. వీలైతే నోటికి నేర్చుకుని రండి. చేతిలో కాగితం లేని కవి కళ్లలోకి జనం చూస్తారు.

బిడ్డకు పాలిచ్చే తల్లి, చేలో నీరు కట్టే మనిషి, ఉప్పు మడిలో ఎండకు నిలబడే కూలి, చేపల వల లాగే పట్టపువారు ఈ నేల మీద ఉన్నారు. వాళ్ల గురించి రాసిన కవిత వాళ్లకే వినిపించే అవకాశం ఆరుబయట దొరుకుతుంది. అప్పుడు ఒక్క మాట అబద్ధమైనా వాళ్లకు తెలిసిపోతుంది. దువ్వూరి రామిరెడ్డి గారు 1895లో గూడూరు దగ్గర పుట్టి, సేద్యం తెలిసి, కృషీవలుడు రాశారు. కవికోకిల అని పిలుచుకున్నాం. పారశీక కవిత్వాన్ని తెలుగు చేసినంత చదువు ఆయనది, అయినా నాగలి పట్టే మనిషి ఆయన కావ్యానికి నాయకుడయ్యాడు. ఆ కావ్యంలోని పద్యాలు ఈ రోజు ఇద్దరు ఇంటర్ విద్యార్థినులు చదువుతారు. పొద్దున నేను వాళ్ల సాధన విన్నాను. మీరు వినబోయేది మంచి పఠనం.

ఆడవాళ్ల పాట గురించి ఒక మాట. కోవూరు, బుచ్చిరెడ్డిపాళెం మాగాణుల్లో నాట్లు పడే రోజుల్లో ఒకరు ఎత్తుకుంటే వరుస మొత్తం అందుకునే పాటలు ఉన్నాయి. నడుము వంచి, బురదలో కాళ్లు దిగబడి, చేయి ఆడే వేగానికి సరిపోయే తాళంలో పాడిన పాటలు. ధనుర్మాసంలో గొబ్బెమ్మల చుట్టూ తిరుగుతూ పాడే పాటలున్నాయి. వీటిని కళ అని ఎవరూ అనలేదు, వేదిక ఎక్కించలేదు. నాట్లు యంత్రంతో పడుతున్న చోట ఆ వరుస లేదు, వరుస లేని చోట పాట లేదు. పాట వచ్చిన తల్లులు ఇంకా మన మధ్య ఉన్నారు. నలుగురు ఈ రోజు వచ్చారు. మొదట రామన్నారు. మాకేం పాటలు వస్తాయి నాయనా, కూలి పాటలే కదా అన్నారు. ఆ మాట వాళ్ల చేత అనిపించినది మనమే.

ఆడవాళ్లు రాత్రి సభకు రావాలని కోరుకునేవారు ముందు చూడవలసింది వెలుగు, మరుగుదొడ్డి, తిరిగి వెళ్లే బస్సు. ఇవి మూడూ లేకుండా మహిళలకు స్వాగతం అని రాసిన పెద్ద బోర్డు వల్ల ప్రయోజనం లేదు. ఈ రోజు రేవు దారి పొడుగునా దీపాలు పెట్టాం, మరుగుదొడ్లు గుడి వైపున ఉన్నాయి, నీళ్లున్నాయి. ఎనిమిదిన్నరకల్లా సభ ముగుస్తుంది. తెల్లవార్లూ సాగే ఆట మీద నాకెంత మమకారం ఉన్నా, పిల్లలతో వచ్చిన తల్లి ఇల్లు చేరడం ముఖ్యం.

కళాకారుల పారితోషికం మాట పైకి ఎవరూ ఎత్తరు. నేను ఎత్తుతాను. షామియానాకు, దీపాల తోరణాలకు, ఫ్లెక్సీలకు అడిగినంత ఇచ్చి, సన్నాయి మేళం దగ్గరికి వచ్చేసరికి బేరమాడే సభలు చూశాను. భోజనం పెడుతున్నాం కదా అంటారు. హరికథకుడికి దారి ఖర్చు ఇచ్చి సరిపెడతారు. కాళ్లకు గజ్జెలు, చేతిలో చిడతలు, మెడలో పూలదండతో ఒక్క మనిషి నిలబడి, పాత్రలన్నీ తానే అయి, రాగం, తాళం, కథ, హాస్యం, నృత్యం అన్నీ మోసుకుంటూ గంటల తరబడి జనాన్ని కూర్చోబెట్టే విద్య హరికథ. మన ఊరి ఎస్పీ సాంబమూర్తి గారు హరికథా విద్వాంసులు. ఆయన కుమారుడు బాలసుబ్రహ్మణ్యం గొంతును లోకమంతా విన్నది. కొడుకు పాటను ప్రేమించిన మనం తండ్రి విద్యను బతికించుకోవద్దా? ఈ సభ ఖర్చులో ఎక్కువ భాగం కళాకారులకే వెళ్తుందని నిర్వాహకులు నాకు మాట ఇచ్చాకే నేను వస్తానన్నాను. వారు మాట నిలబెట్టుకున్నారు, డబ్బు ముందే చేతికి ఇచ్చారు.

సన్మానాలు ఈ రోజు లేవు. కొందరు నొచ్చుకున్నారని విన్నాను. ఒక ఊళ్లో, ఆ ఊరి పేరు చెప్పను, భాగవతం ఆడేవాళ్లు ముఖానికి రంగు పూసుకుని, కిరీటాలు పెట్టుకుని, చెట్టు కింద కూర్చుని ఉన్నారు. వేదిక మీద శాలువాలు, జ్ఞాపికలు, ఒకరి తర్వాత ఒకరి ప్రసంగాలు. ముఖం మీద రంగు పగుళ్లు బారింది. ఆట మొదలయ్యేసరికి పిల్లలంతా నిద్రపోయారు. ఏ పిల్లల కోసం ఆ ఆట బతకాలో ఆ పిల్లలే చూడలేదు. ఆ రోజు కలిగిన బాధ నాకు ఇంకా తగ్గలేదు. పెద్దలను గౌరవించుకుందాం, పగటిపూట, వేరే చోట.

ఇక్కడికి చుట్టుపక్కల గిరిజన కాలనీల నుంచి యానాది సోదరులు, అక్కలు వచ్చారు. వాళ్ల పాటలు వాళ్లవి. ఏటి గురించి, చేపల గురించి, అడవి గురించి వాళ్లకు తెలిసినంత మనలో ఎవరికీ తెలియదు. వెన్నెలకంటి రాఘవయ్య గారు ఈ జిల్లాలో వాళ్ల హక్కుల కోసం జీవితం ధారపోశారు. హక్కుల్లో పాడే హక్కు కూడా ఉంది, వేదిక మీద మధ్యలో నిలబడి పాడే హక్కు. అలాగే ఉర్దూ కవులు ఇద్దరు వచ్చారు. ఈ ఊరి గాలిలో ఉర్దూ ఎంతో కాలంగా ఉంది, మన సాహిత్య సభల్లో మాత్రం ఎందుకో దూరంగా ఉండిపోయింది. వారు చదివాక ఎవరైనా తెలుగులో భావం చెబుతారు. అయితే ముందు శబ్దం వినండి, భావం కాస్త ఆగుతుంది.

మొహర్రం నెలలో స్వర్ణాల చెరువు దగ్గర, బారాషహీద్ దర్గాలో జరిగే రొట్టెల పండుగకు ఎక్కడెక్కడి నుంచో జనం వస్తారు. చదువు రొట్టె, ఉద్యోగం రొట్టె, పెళ్లి రొట్టె, ఆరోగ్యం రొట్టె. కోరిక తీరినవాళ్లు రొట్టె తెచ్చి, అదే కోరిక ఉన్న మరొకరికి ఇస్తారు. ఇచ్చేవారికి, పుచ్చుకునేవారికి ముందు పరిచయం ఉండదు. మతం, కులం అడగరు. మోకాలి లోతు నీళ్లలో నిలబడి చేయి చాపుతారు, అంతే. ఆ పండుగ ఉన్న ఊళ్లో కొత్త వ్యక్తితో ఒక పద్యం పంచుకోవడం కష్టమవుతుందా?

అందుకని ఒక ఏర్పాటు చేశాం. అటు చివర, ఆ చింతచెట్టు కింద చాపలు పరిచి ఉన్నాయి. సభ జరుగుతున్నంత సేపూ అక్కడికి ఎవరైనా వెళ్లవచ్చు. మీకు వచ్చిన ఒక పద్యం, పాట, పొడుపుకథ, లాలి, ఏదైనా సరే, అక్కడ కూర్చున్న మరొకరికి నేర్పండి. వారికి వచ్చింది మీరు నేర్చుకోండి. వేమన పద్యం ఒక్కటే వచ్చినా వెళ్లండి. సుమతీ శతకం సగమే గుర్తున్నా వెళ్లండి, మిగతా సగం అక్కడ ఎవరికో తెలిసి ఉంటుంది. పదేళ్ల పిల్ల డెబ్బై ఏళ్ల తాతకు నేర్పితే మరీ సంతోషం. నేర్చుకున్నవారు సభ చివర్లో ఇక్కడికి వచ్చి వినిపించవచ్చు. తప్పు పోతుందేమోనని వెనకాడకండి. జనం అందిస్తారు. పద్యం నోటికి ఎక్కడం ఇలాగే జరుగుతుంది.

బుర్రకథలో కథకుడి పక్కన వంతపాడేవాళ్లు ఇద్దరుంటారు. ఒకరు హాస్యం, ఒకరు లోకం సంగతి. కథకుడు ఒక మాట అంటే తందాన అని అందుకుంటారు, ప్రశ్నిస్తారు, ముందుకు తోస్తారు. మీరంతా ఈ రోజు మాకు వంత. చప్పట్లు ఆఖర్లో కొట్టి ఊరుకోకండి. పద్యం బాగుంటే మధ్యలోనే ఆహా అనండి. మళ్లీ కావాలంటే మళ్లీ అని అడగండి. మాట వినపడకపోతే వినపడలేదని అనండి. పాడేవారికి అదే బలం. ఫోన్లలో తీసుకునేవారిని వద్దనను, అయితే మొదటి పాట మాత్రం ఫోను జేబులో పెట్టుకుని వినండి. రెండో పాట నుంచి మీ ఇష్టం.

పల్లెపాడు ఇక్కడికి దూరమేమీ కాదు. 1921 ఏప్రిల్ 7న గాంధీజీ వచ్చి ప్రారంభించిన పినాకినీ సత్యాగ్రహాశ్రమం ఈ ఏటి ఒడ్డునే ఉంది. పొణకా కనకమ్మ గారు, ఆమెతో నడిచినవారు ఆరుబయట సభల్లో మాట్లాడిన రోజులవి. ఆమె కవయిత్రి కూడా. అప్పట్లో ఆడవారు పదిమందిలో నిలబడి గొంతెత్తడానికి ఎంత ధైర్యం కావాలో ఆలోచించండి. ఈ రోజు మన కార్యక్రమంలో సగానికి పైగా గొంతులు ఆడపిల్లలవి, తల్లులవి. ఇది ఎవరో కోటా పెట్టి చేసింది కాదు. పేర్లు ఇవ్వండి అని అడిగితే వాళ్లే ముందుకు వచ్చారు. అడగడమే ఆలస్యం.

వచ్చే ఏడాది ఇక్కడే పెట్టాలా, ఒంగోలు వైపు వెళ్లాలా అని నిర్వాహకులు ఆలోచిస్తున్నారు. నా సలహా అడిగితే, పట్నాలు వదిలి సముద్రం ఒడ్డున ఏదైనా మత్స్యకార గ్రామానికి, లేదా కనిగిరి వైపు మెట్ట ఊరికి వెళ్లమంటాను. అక్కడి వాళ్లను కళాకారులుగా పిలవండి, మనం శ్రోతలుగా వెళ్దాం. బస్సు ఖర్చు మనమే పెట్టుకుందాం. ఆ ఊళ్లో ఎవరు ఏమి పాడతారో, ఏ చెట్టు కింద కూర్చుంటారో, ఏ వేళకు పని నుంచి తిరిగి వస్తారో రెండు నెలల ముందే వెళ్లి అడిగి తెలుసుకోవాలి. మన తేదీకి వాళ్లను రమ్మనడం కాకుండా వాళ్లకు తీరిక ఉన్న రోజున మనం వెళ్లాలి.

సన్నాయి వారు సిద్ధమయ్యారని సైగ చేస్తున్నారు. ముందు సన్నాయి, డోలు. తర్వాత నాట్ల పాటలు, ఆ తర్వాత విద్యార్థినుల పద్యాలు, ఉర్దూ కవులు, యానాది సోదరుల పాట, చివర పలక ఆట. మధ్యలో ఎవరికైనా దాహమైతే కుండలు ఎడమ వైపున ఉన్నాయి. వెనక నిలబడినవారు దయచేసి ముందుకు వచ్చి కూర్చోండి, ఇక్కడ ఇంకా చాలా చోటుంది. డ్రైవరన్నలారా, మీరు కూడా రండి.